పాడ్‌కాస్ట్‌లో ఆడిన ఆటను ఫాంటసీ కామిక్‌గా మార్చడం: సంతకాల నుంచి ప్రెస్సు దాకా

"మేం నలుగురం కూర్చుని ఆడిన ఆటంతా రికార్డు చేసి పెట్టాం. దాన్ని బొమ్మల పుస్తకం చెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" మా పాడ్‌కాస్ట్ వినే విజయవాడ, గుంటూరు పిల్లలు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. ఆట అంటే బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్: గేమ్ మాస్టర్ కథ నడిపిస్తాడు, మిగతావాళ్లు ఒక్కో పాత్రగా మాట్లాడతారు, ఏం జరిగిందో పాచిక తేలుస్తుంది. ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో సగం చెప్పడం కంటే, మేం ఒక పుస్తకం పూర్తిచేసిన వరసలోనే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. వినేవాళ్లకు కథ నచ్చి ఉంటుంది, సరే. అంతకంటే ఎక్కువగా, ఆ కథ తిరిగిన ప్రతి మలుపుకీ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడటం నచ్చింది. కామిక్‌లో ఆ బల్ల ఉండదు. పాచికల చప్పుడూ, నవ్వులూ, "అయ్యబాబోయ్" అనే కేకలూ ఉండవు. అవి పోయాక కూడా కథ నిలబడాలి. కింద చెప్పే పనులన్నీ అందుకే.

1. ముందు సంతకాలు

ఇది విసుగు పనే. అయినా బొమ్మ గియ్యకముందే తేల్చుకోవాలి. లోకాన్ని తయారుచేసింది గేమ్ మాస్టర్, పాత్రల నోట మాటలు పెట్టింది ఆడినవాళ్లు, బొమ్మలు వేసేది ఇంకొకరు. పుస్తకంలో అందరి పనీ ఉంటుంది.

మన కాపీరైట్ చట్టం 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అనుకుంటారు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు డిజిటల్ కాపీ అమ్మాలనుకుంటే ఈ రెండో ముక్క మర్చిపోకూడదు.

తర్వాత మీరు ఏ నియమాలతో ఆడారో చూసుకోండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్ అయితే, దాని మూల నియమాల పత్రం ఎస్ఆర్‌డీ 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. అందులో ఉన్నవాటిని, మూలం ఎవరిదో రాసి, వాడుకోవచ్చు. గోబ్లిన్లు, డ్రాగన్లు, ఎల్ఫ్‌లు ఎవరి సొత్తూ కాదు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటి జీవులు మాత్రం ఆ ఆటను తెచ్చే కంపెనీ సొంత సృష్టి. వాటి జోలికి వెళ్లకండి.

కొన్న అడ్వెంచర్ పుస్తకంతో (ఆడటానికి ముందే రాసి అమ్మే కథ) ఆడి ఉంటే ఇంకా జాగ్రత్త. అందులోని ఊళ్లు, విలన్లు, మ్యాపులు మీవి కావు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, సన్నివేశం నిర్మాణమే మార్చాలి. అంత మార్చాల్సి వస్తే ఆ క్యాంపెయిన్ (చాలా సెషన్లపాటు సాగే ఆట కథ) పక్కన పెట్టి, మీ గేమ్ మాస్టర్ సొంతంగా కట్టిన కథ తీసుకోవడం మేలు.

కాగితం మీద ఉండాల్సినవి:
- ఆడినవాళ్లందరి పేర్లు, ఎవరు ఏ పాత్ర
- పుస్తకం మీద ఎవరి పేరు ఏ హోదాలో పడుతుంది
- వచ్చిన డబ్బులో ఎవరి వాటా ఎంత, ఖర్చులు తీశాకా తియ్యకముందా
- ఎన్నేళ్లకు, ఏ దేశాలకు, ఏ భాషలకు
- మధ్యలో ఒకరు తప్పుకుంటే వాళ్ల పాత్రను కొనసాగించవచ్చా
- 18 ఏళ్లు నిండనివాళ్లుంటే తల్లిదండ్రుల సంతకం

2. మళ్లీ వినండి, మూడు రంగుల పెన్నులతో

మొత్తం ఎపిసోడ్లు అక్షరం పొల్లుపోకుండా రాయాలని కూర్చోకండి. మేం ఒక్క ఎపిసోడ్ అలా రాస్తే అరవై పేజీలు దాటింది, అందులో పుస్తకానికి పనికొచ్చింది నాలుగు పేజీలు.

ఒక నోట్‌బుక్ తీసుకుని ప్రతి పది నిమిషాలకూ రెండు మూడు లైన్లు రాయండి. పక్కన నిమిషం, సెకను వెయ్యండి. ఆ తర్వాత గుర్తులు పెట్టండి. పాత్ర తనంతట తాను ఒక నిర్ణయం తీసుకుంటే ఎరుపు. కథ దారి మారితే నీలం. మళ్లీ మళ్లీ గుర్తొచ్చే మాట పడితే ఆకుపచ్చ. ఏ రంగూ పడని చోట్లు పుస్తకంలోకి రావు.

రంగు పడిన చోట్ల మాత్రం మాటలు పూర్తిగా కావాలి. గూగుల్ డాక్స్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది కానీ, నలుగురు ఒకరి మీద ఒకరు మాట్లాడే ఆడియోను దాని ముందు పెడితే కలగాపులగం అవుతుంది. ఇయర్‌ఫోన్స్‌లో మీరు వింటూ, అదే మాటను మీ ఒక్క గొంతుతో మెల్లగా మైకులోకి చెప్పండి. టైపింగ్ శ్రమ చాలా తగ్గుతుంది.

3. ఎంత కథ, ఎక్కణ్ణుంచి

మొదటి పుస్తకానికి లోపలి పేజీలు 32 పెట్టుకోండి. ప్రెస్సులో ఫారం అంటే మామూలుగా 16 పేజీలు, కాబట్టి రెండు ఫారాలు సరిగ్గా సరిపోతాయి. 32 పేజీల్లో నాలుగైదు సన్నివేశాలు పడతాయి, అంతే. ఒక చిన్న ముప్పు, దాని ముగింపు, తర్వాతి పుస్తకానికి ఒక కొక్కెం.

దాదాపు ప్రతి క్యాంపెయినూ సత్రంలో మొదలవుతుంది. అందరూ కూర్చుని పేర్లు చెప్పుకుంటారు. వినడానికి బావుంటుంది, చూడటానికి నలుగురు కూర్చుని మాట్లాడుకోవడమే కనిపిస్తుంది. పనిలో ఉండగా పాత్రల్ని చూపించండి, పేర్లు దారిలో తెలుస్తాయి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మొదటి రెండు మూడు సెషన్లలో ఆడేవాళ్లు తమ పాత్ర గొంతు కోసం వెతుక్కుంటూ ఉంటారు. మా పడవ సరంగు మొదటి ఎపిసోడ్‌లో వాగుడుకాయ. ఐదో ఎపిసోడ్‌కి పొదుపుగా మాట్లాడే మనిషయ్యాడు, జనానికి నచ్చింది ఆ మనిషే. కాబట్టి మొదటి పేజీ నుంచే స్థిరపడిన గొంతుతో రాయండి. సంఘటన మొదటి ఎపిసోడ్‌దే అయినా మాట ఐదో ఎపిసోడ్‌ది కావాలి.

4. పాచిక పడిన చోట ఏం పెట్టాలి

ఈ ఒక్క విభాగం రెండుసార్లు చదవమని అడుగుతాను.

ఆటలో ఇరవై ముఖాల పాచిక వేసి 20 పడితే అందరూ ఎగిరి గంతేస్తారు. ఆ ఆనందం నిజం, ఎందుకంటే ఏం పడుతుందో ఎవరికీ తెలియదు. కాగితం మీద బొమ్మ గీసేవాడికి అన్నీ తెలుసని పాఠకుడికి తెలుసు. అదే గెలుపు ఇక్కడ అప్పనంగా వచ్చినట్టుంటుంది. 1 పడి ఓడిపోతే, పాత్ర చేతకానిదానిలా కనిపిస్తుంది.

అందుకని ప్రతి ముఖ్యమైన పాచికనూ ఈ నాలుగు ప్రశ్నలతో తిరగరాయండి:

- ఎక్కువ పడితే: ఈ గెలుపుకు పాత్ర ఏం పోగొట్టుకుంది?
- తక్కువ పడితే: దీనికి కారణం లోకంలో ఎక్కడుంది? తుప్పు, చీకటి, అలసట, అబద్ధం?
- బొటాబొటిగా పడితే: చివరి క్షణంలో పాత్ర ఏం ఎంచుకుంది?
- ఏం పడినా కథ మారకపోతే: ఆ సన్నివేశమే వద్దు.

పోగొట్టుకున్నది కంటికి కనిపించాలి, తర్వాతి పేజీల్లో కూడా కనిపిస్తూ ఉండాలి. ఆటలో హిట్ పాయింట్లు (పాత్ర ఎంత దెబ్బ ఓర్చుకోగలదో చెప్పే లెక్క) ఒక రాత్రి నిద్రపోతే తిరిగొస్తాయి. కామిక్‌లో చేతికి కట్టు కట్టారంటే పది పేజీల దాకా ఆ కట్టు గియ్యాల్సిందే.

5. ఒక పేజీ ఎలా తయారైందో చూడండి

మా కథ నది ఒడ్డున ఉన్న ఒక కోటలో జరుగుతుంది. పొనికి అనే అమ్మాయి కొయ్యబొమ్మలు చేస్తుంది, అవి ఆమె మాట వింటాయి. రికార్డింగ్‌లో ఉన్నది ఇదీ:

గేమ్ మాస్టర్: తలుపు తుప్పు పట్టి ఉంది. బలం చెక్ వెయ్యి.
సరంగు ఆడేవాడు: ఆగు మావా... మూడు. మూడు పడింది రా!
గేమ్ మాస్టర్: తలుపు రాలేదు, గొళ్లెం ఊడి చేతికొచ్చింది. లోపల కాపలావాడికి చప్పుడు వినపడింది.
పొనికి ఆడే అమ్మాయి: అన్నా, నా సంచిలో చిన్న బొమ్మ ఉంది కదా, దాన్ని తలుపు కింద సందులోంచి పంపొచ్చా?
గేమ్ మాస్టర్: వెయ్యి చూద్దాం.
పొనికి ఆడే అమ్మాయి: ఇరవై! అన్నా, ఇరవై!

తర్వాత అర నిమిషం కేకలే. ఆడియోలో అది మా అందరికీ ఇష్టమైన చోటు. ఉన్నదున్నట్టు గీస్తే బొమ్మ వెళ్లింది, తలుపు తీసింది, అయిపోయింది. చప్పగా ఉంది.

ఇక్కడ కొండపల్లి బొమ్మ పని మాకు దారి చూపించింది. తెల్ల పొనికి కొయ్యతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, రంపపుపొట్టు, చింతగింజల బంక కలిపిన ముద్దతో అతుకుతారు. అతుకు ఉన్నచోట బొమ్మకు బలం తక్కువ. గడియ ఎత్తాలంటే ఆ అతుకు ఓర్చుకోవాలి. పేజీ ఇలా మారింది:

ఫ్రేము 1 (వెడల్పుగా): సరంగు రెండు చేతులా తలుపు లాగుతున్నాడు. గొళ్లెం చుట్టూ తుప్పు పెచ్చులు.
ఫ్రేము 2 (చిన్నది): ఊడిన గొళ్లెం అతని గుప్పిట్లో. అరచేతి నుంచి నెత్తురు. చప్పుడు: "ఫెళ్!"
ఫ్రేము 3 (చిన్నది): లోపల కాపలావాడి చెవి, పక్కకు తిరిగిన కన్ను. మాటలు లేవు.
ఫ్రేము 4: పొనికి నేల మీద పడుకుని బొమ్మను సందులోకి తోస్తోంది. "గడియ నీకు బరువే. తెలుసు."
ఫ్రేము 5 (నిలువుగా): తలుపు లోపలివైపు. బొమ్మ రెండు చేతులూ గడియ కింద. భుజం అతుకు దగ్గర సన్నటి పగులు.

పేజీ ఇక్కడ ఆగుతుంది. పేజీ తిప్పితే తలుపు తెరుచుకుని ఉంటుంది, గుమ్మం మీద కొయ్య చెయ్యి ఒక్కటే పడి ఉంటుంది. 20 పడిందన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు. పుస్తకం చివరిదాకా ఆ బొమ్మకు ఒకే చెయ్యి.

స్క్రిప్టు ప్రతి పేజీకీ ఇంత వివరంగా రాయండి. పేజీకి ఐదారు ఫ్రేములు, బుడగకు పదీ పన్నెండు మాటలు దాటకూడదు. దాటితే ఆ మాటల్లో కొన్ని బొమ్మలోకి వెళ్లగలవేమో చూడండి.

6. గేమ్ మాస్టర్ గొంతును ఏం చెయ్యాలి

పాడ్‌కాస్ట్‌లో సగం మాటలు గేమ్ మాస్టర్‌వి. "గాలి చల్లగా ఉంది, దూరంగా దీపం కనిపిస్తోంది" లాంటివన్నీ బొమ్మ చెప్పేస్తుంది, కొట్టెయ్యండి. కాలం, చోటు మారినప్పుడు ఒక చిన్న పెట్టె చాలు: "మర్నాడు, రేవు దగ్గర".

బల్ల దగ్గరి జోకులు చాలావరకు పోతాయి. బాధగానే ఉంటుంది, మాకూ వదులుకోవడానికి వారం పట్టింది. ఒకటి రెండు మిగిల్చుకోవాలంటే వాటిని పాత్రల మధ్య మాటగా మార్చండి. సినిమా డైలాగు మీదో, క్రికెట్ మీదో ఆధారపడ్డ జోకు ఆ లోకంలో బతకదు.

7. గియ్యడానికి ముందు రిఫరెన్సు

కోట గియ్యాలంటే ఇంటర్నెట్‌లో యూరప్ కోటలే మొదట కనిపిస్తాయి. మనకు కొండపల్లి కోట, కొండవీడు కోట గంట, గంటన్నర ప్రయాణంలో ఉన్నాయి. ఉండవల్లి గుహల్లో అంతస్తులు ఒకదాని మీద ఒకటి ఎలా వెనక్కి జరుగుతాయో చూస్తే, నేలమాళిగ గీసే తీరే మారిపోతుంది. ఉదయం ఎండలో ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫొటోలు తియ్యండి. నీడ ఎటు పడుతుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. మెట్ల పక్కన మనిషిని నిలబెట్టి తీస్తే ఎత్తులు తెలుస్తాయి.

ప్రతి పాత్రకూ ఒక షీటు:
- ముందు, పక్క, వెనక వైపుల బొమ్మలు
- నాలుగు ముఖ కవళికలు: కోపం, భయం, నవ్వు, అబద్ధం చెప్పేటప్పుడు
- మిగతా పాత్రల పక్కన ఎత్తు
- ఎప్పుడూ ఉండే వస్తువులు: సంచి, కత్తి, తాయెత్తు, ఏ చేతికి ఏది
- నల్లటి నీడగా గీసినా ఎవరో పోల్చుకునే ఆకారం

వినేవాళ్లు ఇప్పటికే తమ మనసులో ఒక రూపం ఊహించుకుని ఉంటారు. ఆడియోలో చెప్పిన వివరాలను మాత్రం తప్పకండి. జడ అని చెప్పి ఉంటే జడే.

8. థంబ్‌నెయిల్స్, తెలియని పాఠకుడు

అసలు బొమ్మ మొదలుపెట్టకముందు 32 పేజీలూ అగ్గిపెట్టె సైజులో పెన్సిల్‌తో గియ్యండి. మనుషులు పుల్లల్లా ఉన్నా ఫర్వాలేదు. ఎడమవైపు సరిసంఖ్య పేజీ, కుడివైపు బేసిసంఖ్య పేజీ వస్తాయి. ఆశ్చర్యపరిచే బొమ్మ ఎప్పుడూ సరిసంఖ్య పేజీ పైన, అంటే పేజీ తిప్పగానే కనిపించేలా ఉండాలి. బేసి పేజీలో పెడితే తిప్పగానే పక్కచూపుకి దొరికిపోతుంది.

కాగితాలు మడిచి చిన్న పుస్తకంలా కుట్టి, పాడ్‌కాస్ట్ అసలు వినని మనిషికి ఇవ్వండి. నేను మా పిన్నికి ఇచ్చాను. ఆవిడ మూడో పేజీలో ఆగి "ఇతనెవరమ్మా, ఎక్కణ్ణుంచి వచ్చాడు?" అంది. వినేవాళ్లందరికీ తెలిసిన ఆ పాత్రను మేం పరిచయమే చెయ్యలేదు. చదివేటప్పుడు పక్కనే కూర్చోండి, ఏమీ వివరించకండి, ఆగిన చోటల్లా గీత పెట్టుకోండి. ఈ దశలో పేజీ మార్చడానికి పది నిమిషాలు, ఇంకు వేశాక రెండు రోజులు.

9. తెలుగు అక్షరాలు

మంచి బొమ్మలున్న పుస్తకాలు కూడా ఇక్కడ దెబ్బతింటాయి. తెలుగులో పైన గుడి, కింద వత్తు. "రాష్ట్రం" లాంటి మాటలో ఒక వత్తు కింద ఇంకో వత్తు. ఇంగ్లిష్ కామిక్స్‌లో పెట్టే లైన్ గ్యాప్ పెడితే పై లైను వత్తులు కింది లైను గుడులతో కొట్టుకుంటాయి. 12 పాయింట్ల అక్షరానికి 17 లేదా 18 పాయింట్ల లైన్ గ్యాప్ (ఒక లైను అడుగు నుంచి తర్వాతి లైను అడుగు దాకా) పెట్టండి.

మన మాటలు పొడవు. "చూసుకోవాల్సొచ్చింది" ఒక్కటే బుడగ వెడల్పంతా తినేస్తుంది, దాన్ని మధ్యలో విరగ్గొట్టకూడదు. అందుకని బుడగలు నిలువుగా కాకుండా అడ్డంగా గియ్యండి. ముందు అక్షరాలు పెట్టి, తర్వాత చుట్టూ బుడగ గీస్తే చోటు సరిపోతుంది.

గట్టిగా చెప్పే మాటకు ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలున్నాయి, మనకు లేవు. అక్షరాన్ని వాలుగా పెడితే చదవడం కష్టం. లావు పెంచండి, లేదా సైజు పెంచండి.

చప్పుళ్లకు మనకు బోలెడు మాటలు: దభీ, కిర్రు, బుడుంగ్, చర్రు, టపటప. ఇవి ఫాంటుతో కాకుండా చేత్తో గీస్తేనే బొమ్మలో కలుస్తాయి. "కిర్ర్ర్" అని టైపు చేస్తే పొల్లులు వత్తులుగా మారి ఒకదాని కింద ఒకటి చేరతాయి. అదీ చేత్తో గియ్యడానికి ఇంకో కారణం.

ఫాంట్లలో మండలి సంభాషణకు హాయిగా ఉంటుంది, రామభద్ర శీర్షికలకు, లక్కిరెడ్డి ఉత్తరాలు, చేతిరాత చూపించే చోట్లకు. ఈ మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, అమ్మే పుస్తకంలోనూ వాడొచ్చు. ఇంక్‌స్కేప్ తెలుగును సరిగ్గా చూపిస్తుంది, అదీ ఉచితమే. ఫోటోషాప్ పాత వెర్షన్లలో వత్తులు విడిపోయి కనిపిస్తే టైపు సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల లేఅవుట్ ఎంచుకోండి.

మా మొదటి పుస్తకానికి పెద్ద దెబ్బ ఇక్కడే తగిలింది. యూనికోడ్‌లో చేసిన ఫైలును ఒక డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్ల (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) సిస్టమ్‌లో తెరిచారు. వత్తులన్నీ చెదిరిపోయాయి, ఎవరూ చూడలేదు, రెండు వందల కవర్లు అలాగే పడ్డాయి. అప్పటినుంచి ఎడిట్ చేసే ఫైలు ఎవరికీ ఇవ్వం. అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి, పీడీఎఫ్ మాత్రమే ఇస్తాం. అక్షరాలున్న అసలు ఫైలు విడిగా దాచుకుంటాం, గీతలయ్యాక తప్పులు దిద్దడం కుదరదు.

10. ప్రెస్సుకు వెళ్లే ముందు

విజయవాడ గవర్నర్‌పేట వైపు నాలుగు ప్రెస్సులు తిరిగి కొటేషన్లు తీసుకోండి. సైజు మాత్రం అసలు బొమ్మలు మొదలుపెట్టకముందే అడగండి. క్రౌన్ పావు సైజు అన్నా, కోసిన తర్వాతి కొలత ప్రెస్సును బట్టి కాస్త మారుతుంది, మీ పేజీ ఆ కొలతకే గియ్యాలి. వంద కాపీల లోపయితే డిజిటల్, ఐదు వందలు దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవానికి తేవాలనుకుంటే ఫైళ్లు నవంబరులోనే ఇచ్చెయ్యండి. డిసెంబరులో ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీలతో నిండిపోతాయి. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, దానికీ కొన్ని వారాలు ముందుగా దరఖాస్తు పెట్టుకోండి.

ఫైలు చెక్‌లిస్టు:
- రంగుల పేజీలు 300 డీపీఐ, నలుపు గీతలు 600 డీపీఐ
- నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయేలా అంచు దాటి గీసే బొమ్మ)
- బుడగలు కోత అంచుకు కనీసం 8 మి.మీ. లోపల, కుట్టు వైపు ఇంకొంచెం ఎక్కువ
- అక్షరాలు ఒక్క నలుపు ఇంకుతోనే, నాలుగు రంగులు కలిపిన నలుపుతో కాదు
- ఆర్‌జీబీ (స్క్రీన్ రంగులు) నుంచి సీఎంవైకే (ప్రెస్సు నాలుగు ఇంకులు) మార్చాక ప్రతి పేజీ మళ్లీ చూసుకోవాలి

చివరిది ఫాంటసీకి చాలా ముఖ్యం. స్క్రీన్ మీద మెరిసే మంత్రాల నీలం, ఊదా, పచ్చ రంగులు కాగితం మీద మసకబారతాయి. రంగు పెంచితే లాభం లేదు, ఆ వెలుగు చుట్టూ ఉన్న చీకటిని ముదురు చెయ్యండి, మంత్రం మళ్లీ మెరుస్తుంది.

రంగుల పేజీ ఒకటి, నలుపు ఎక్కువున్న పేజీ ఒకటి అసలు కాగితం మీదే ప్రూఫ్ (మొత్తం అచ్చు వెయ్యకముందు చూసుకునే నమూనా) తీయించండి. గుంటూరు వాళ్లు బ్రాడీపేటలో ఏదైనా కలర్ ప్రింట్ షాపులో అసలు సైజులో ఒక కాపీ తీసుకుని, చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని చదవండి. అక్షరం కోసం పేజీ దగ్గరికి లాక్కోవాల్సి వస్తే సైజు చాలదు.

కాపీలు చేతికొచ్చాక డబ్బు పూర్తిగా ఇచ్చేముందు ప్రతి కట్టలోంచి ఒకటి తీసి, ఫారాలు తలకిందులు కాలేదు కదా అని పేజీ నంబర్లు వరసగా చూడండి.